కాల్ వస్తే నెట్ ఎందుకు ఆగిపోతోంది? వాయిస్, డేటా కలిసి నడవలేవా?

నింగి_నెట్
ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని ల్యాప్‌టాప్‌లో పని చేసుకుంటాను. ఎవరైనా కాల్ చేశారంటే చాలు, నెట్ అక్కడికక్కడే ఆగిపోతుంది. పైన 4జీ అని ఉన్నది కాస్తా ‘ఈ’ అయిపోతుంది. కాల్ పెట్టేశాక కూడా వెంటనే మారదు, కాసేపు ఆ ‘ఈ’ మీదే ఈడుస్తుంది. నిన్న ఆఖరి తేదీ ఉన్న ఒక దరఖాస్తు నింపి సబ్మిట్ నొక్కాను, అదే క్షణంలో కాల్. పేజీ ఎర్రర్ కొట్టింది, మళ్లీ మొదటి నుంచి నింపాల్సి వచ్చింది. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. కస్టమర్ కేర్‌కి చేస్తే ఫోన్ ఆపి ఆన్ చెయ్యమన్నారు, అంతే. ఇన్ని తరాల టెక్నాలజీ మారింది. మాట, డేటా రెండూ ఒకేసారి నడపడం ఇంకా ఇంత కష్టమా? లేక నా ఫోన్‌లోనే లోపం ఉందా?

రెండు_సిమ్‌ల_రాజు
నాదీ ఇంచుమించు ఇదే బాధ. ముఖ్యమైన ఫారం ఏదైనా ఉంటే ఫ్లైట్ మోడ్ పెట్టి వైఫైలో చేసేస్తా.

బీటెక్_ఫైనలియర్
రాజన్నా, వైఫై ఉన్నవాడు హాట్‌స్పాట్ ఎందుకు పెట్టుకుంటాడు 😀

ప్యాకెట్_పిచ్చి
@నింగి_నెట్ సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌లోకి వెళ్లి వోల్టీ (4జీ మీదే కాల్ నడిపే పద్ధతి) ఆన్‌లో ఉందేమో చూడండి. కొన్ని ఫోన్లలో ‘4జీ కాలింగ్’ అనో ‘హెచ్‌డీ వాయిస్’ అనో ఉంటుంది. ‘ఈ’ పడుతోందంటే మీ ఫోన్ కాల్ కోసం 4జీ వదిలేసి 2జీకి దిగిపోతోందన్నమాట.

నింగి_నెట్
మొత్తం వెతికాను, ఆ ఆప్షనే లేదు. ఫోన్ డబ్బా మీద మాత్రం 4జీ వోల్టీ అని స్పష్టంగా ఉంది. డేటా కూడా 4జీలో బ్రహ్మాండంగా వస్తుంది. మరి కాల్‌కి మాత్రమే దిగిపోవడం ఏమిటి?

టవర్_బాబాయ్
చాలా ఏళ్లు టవర్ల పనిలో ఉన్నవాణ్ని, కొంచెం వివరంగా చెబుతాను.

4జీ అంటే ఎల్‌టీఈ. దాన్ని రూపొందించినప్పుడు పాత పద్ధతి వాయిస్‌కి అందులో చోటే పెట్టలేదు. 2జీ, 3జీల్లో కాల్ కలిస్తే మాట్లాడినంతసేపూ ఆ కాల్ కోసమే ఒక దారి కేటాయించి ఉంచుతారు, అదే సర్క్యూట్. ఎల్‌టీఈలో సర్క్యూట్ లేదు, అంతా ప్యాకెట్లే, అంటే ఏదైనా చిన్న చిన్న ముక్కలుగా చేసి పంపడమే. 2009 డిసెంబర్‌లో టెలియాసొనెరా కంపెనీ స్టాక్‌హోమ్, ఓస్లో నగరాల్లో ప్రపంచంలోనే మొదటి ఎల్‌టీఈ సర్వీసు మొదలుపెట్టినప్పుడు జనం చేతికి వచ్చినవి ఫోన్లు కావు, ల్యాప్‌టాప్‌కి తగిలించుకునే డాంగిళ్లు. కాల్ సంగతి తర్వాత చూసుకుందామనే అడుగుపెట్టారు.

తర్వాత 4జీ ఫోన్లు వచ్చాయి. ఫోనన్నాక కాల్ రావాలిగా. అందుకని సర్క్యూట్ స్విచ్డ్ ఫాల్‌బ్యాక్ అనే ఏర్పాటు చేశారు. మీ ఫోన్‌లో జరుగుతున్నది అదే. మీకు కాల్ వచ్చిందని 4జీ టవర్ నుంచి ఫోన్‌కి కబురు వస్తుంది. ఫోన్ సరే అనగానే టవర్ దాన్ని 4జీ నుంచి వదిలేసి, ఫలానా 2జీ ఫ్రీక్వెన్సీకి వెళ్లమంటుంది. ఫోన్ అక్కడికి ట్యూన్ అయ్యి, ఆ సెల్ (టవర్ పరిధి) వివరాలు చదువుకుని, అప్పుడు కాల్ అందుకుంటుంది. మీకు చేసినవాళ్లకి రింగ్ మొదలయ్యే ముందు కొన్ని సెకన్లు ఏమీ వినపడదే, ఆ సమయమంతా ఈ ప్రయాణానికే పోతుంది. ఇక 2జీలోకి దిగాక మాటనీ డేటానీ కలిపి నడిపే సౌకర్యం చాలా నెట్‌వర్కుల్లో పెట్టనే లేదు. అందుకే డేటా ఆగుతుంది. 3జీలోకి దిగి ఉంటే నెమ్మదించేది, పూర్తిగా ఆగేది కాదు. కాల్ అయ్యాక ఫోన్ మళ్లీ 4జీని వెతుక్కుని ఎక్కాలి. నెట్‌వర్క్ వైపు ఆ సెట్టింగ్ సరిగ్గా లేకపోతే అలా ‘ఈ’ మీదే ఉండిపోతుంది.

వోల్టీ ఫోన్‌లో ఆప్షన్ ఎందుకు లేదంటారా? ఫోన్ కంపెనీ, నెట్‌వర్క్ కంపెనీ కలిసి ఆ మోడల్‌ని పరీక్షించాలి, ఆ నెట్‌వర్క్ తాలూకు సెట్టింగ్స్ ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలి. వేరే దేశంలో అమ్మడానికి చేసిన ఫోన్ అయితే అవి ఉండకపోవచ్చు.

నింగి_నెట్
బాబాయ్ గారూ, పట్టేశారు. ఇది బయటి దేశం నుంచి చుట్టాలు తెచ్చిన ఫోనే! అప్‌డేట్ ఉందేమో చూసి చెబుతాను.

లక్ష్మీ_టీచర్
నేను ఫోన్ డేటా మీదే ఆన్‌లైన్ క్లాసులు చెప్పేదాన్ని. పాఠం మధ్యలో కాల్ వస్తే పిల్లలకి నా బొమ్మ అలా నిలిచిపోయేది. ‘మేడమ్, మీరు కదలట్లేదు’ అని మెసేజీలు పెట్టేవాళ్లు, అవి కూడా కాల్ అయ్యాకే కనిపించేవి. కాల్ ఎత్తకపోయినా అంతే! రింగ్ అవుతున్నంతసేపూ నెట్ ఉండదు. ఎత్తకపోయినా ఎందుకు ఆగాలన్నది నాకు ఇవాళ బాబాయ్ గారు రాసింది చదివాకే అర్థమైంది. రింగ్ అవ్వడానికే ఫోన్ కిందికి దిగిపోవాలన్నమాట.

టవర్_బాబాయ్
అవునమ్మా, సరిగ్గా అంతే. ఎత్తారా లేదా అన్నదానితో సంబంధం లేదు.

బీటెక్_ఫైనలియర్
నాకు ఒక్కటి మింగుడుపడట్లేదు. ఫోన్ నెట్‌వర్క్ తయారుచేస్తూ ఫోన్ మాట్లాడడాన్నే వదిలేయడం ఏమిటి? వాళ్లకి తట్టలేదా?

ప్యాకెట్_పిచ్చి
తట్టకపోవడం కాదు. కంపెనీలు అంతకుముందు డేటాని వాయిస్ పక్కన ఎలా ఇరికించాయో చూస్తే తెలుస్తుంది.

అమెరికాలో అనలాగ్ ఫోన్ల రోజుల్లోనే సీడీపీడీ అని ఒకటి ఉండేది. కాల్ లేని ఛానల్ దొరికితే అందులో 19.2 కిలోబిట్ల వేగంతో డేటా పంపేవారు. ఎవరైనా కాల్ చేసి ఆ ఛానల్ తీసుకుంటే డేటా ఇంకో ఖాళీ ఛానల్ చూసుకోవాల్సిందే. 2జీ పద్ధతి అయిన జీఎస్‌ఎంలో మొదట వచ్చిన డేటా అయితే అచ్చం డయలప్. కాల్ చేసినట్టే ఛానల్ పట్టుకుని 9.6 కిలోబిట్లు. పేజీ తెరుచుకున్నాక మీరు తీరిగ్గా చదువుకుంటున్నా నిమిషాల బిల్లు పడుతూనే ఉండేది.

దీన్ని మార్చి చూపించింది జపాన్‌లో డొకోమో కంపెనీ, 1999 ఫిబ్రవరిలో, ఐమోడ్ అనే మొబైల్ నెట్ సర్వీసుతో. వేగం అదే 9.6 కిలోబిట్లు! కానీ ప్యాకెట్ పద్ధతి. ఎప్పుడూ కనెక్ట్ అయ్యే ఉంటుంది, నిమిషాలకి కాకుండా వచ్చిన డేటాకే డబ్బు కడతారు, ప్యాకెట్ ఒక్కింటికి 128 బైట్లు చొప్పున లెక్క. వేగం ఏమీ పెరగకుండానే మూడేళ్లు తిరిగేసరికి 3 కోట్ల మంది చేరారు. నా దృష్టిలో మొబైల్ డేటా చరిత్రలో ఇంతకంటే పెద్ద పాఠం లేదు. జనాన్ని ఆపింది వేగం కాదు, బిల్లు పద్ధతి.

టవర్_బాబాయ్
2000లో జీఎస్‌ఎంలోకి ప్యాకెట్ డేటా, అంటే జీపీఆర్‌ఎస్ వచ్చినప్పుడు కూడా సర్వహక్కులూ వాయిస్‌వే. జీఎస్‌ఎంలో ఒక క్యారియర్ (ఫ్రీక్వెన్సీ ముక్క) 200 కిలోహెర్ట్జ్, దాంట్లో 8 టైమ్‌స్లాట్లు. ఒక కాల్‌కి ఒక స్లాట్. మేము సెల్‌లో ఒకటో రెండో స్లాట్లు మాత్రం డేటాకి ఖాయంగా వదిలేవాళ్లం. మిగతా వాటిలో డేటాది అద్దెకున్నవాడి పరిస్థితి, ఇంటాయన వస్తున్నాడంటే గది ఖాళీ చెయ్యాల్సిందే. ఫోన్ 4 స్లాట్లు పట్టుకుంటే 50 కిలోబిట్ల చుట్టుపక్కల రావాలి. సాయంత్రం కాల్స్ పెరిగేసరికి ఒక్క స్లాట్ మీదికి వచ్చేది, అందులోనూ పదిమంది. జీపీఆర్‌ఎస్ సాయంత్రాల్లో పాకేది ఎందుకో తెలుసుకోవాలంటే ఆ సెల్ కాల్స్ లెక్క చూస్తే చాలు.

తప్పని నేననను. ఆ రోజుల్లో కంపెనీకి డబ్బు తెచ్చేది వాయిస్. కాల్ కలవకపోతే ఫిర్యాదు వస్తుంది, పేజీ నెమ్మదిగా వస్తే జనం ఓర్చుకునేవారు.

బీటెక్_ఫైనలియర్
మరి 3జీలో రెండూ కలిసి నడిచేవి అంటున్నారుగా?

ప్యాకెట్_పిచ్చి
డబ్ల్యూసీడీఎంఏ రకం 3జీలో నడిచేవి. సీడీఎంఏ 2000 రకంలో కాదు. ఆ కంపెనీలు డేటా కోసం ఈవీడీఓ అని విడిగా 1.25 మెగాహెర్ట్జ్ క్యారియర్ పెట్టాయి, అందులో వాయిస్ ఉండదు. దాని వల్ల వేగం బాగా వచ్చింది, మొదటి వెర్షన్‌లోనే గరిష్ఠంగా 2.4 మెగాబిట్లు. కానీ మామూలు ఫోన్ ఒక సమయంలో ఒక క్యారియర్ మీదే ఉండగలదు. 2011లో అమెరికాలో వెరైజన్‌కి ఐఫోన్ వచ్చినప్పుడు పెద్ద చర్చ ఇదే. ఏటీ అండ్ టీ ఐఫోన్‌లో మాట్లాడుతూ నెట్ చూడొచ్చు, వెరైజన్‌లో చూడలేరు. ఏటీ అండ్ టీ దీన్నే ప్రకటనల్లో చూపించుకుంది. మన @నింగి_నెట్ బాధ అక్కడ ఒక కంపెనీకి అమ్మకపు ఆయుధమైంది.

స్పెక్ట్రమ్_శాస్త్రి
అందరూ ఇంజినీర్ల వైపు నుంచే రాస్తున్నారు, డబ్బు కోణం తగ్గిపోయింది. 2000లో బ్రిటన్ 3జీ వేలంలో కంపెనీలు 2,250 కోట్ల పౌండ్లు పోశాయి. అదే ఏడాది జర్మనీలో సుమారు 5,000 కోట్ల యూరోలు. ఒక్క సెల్ కూడా పెట్టకముందే! అంత అప్పు నెత్తిన పెట్టుకున్నవాడు డేటా ప్రపంచం మారుస్తుందని బయటికి చెప్పాలి, లోపల మాత్రం రోజూ డబ్బు తెచ్చే వాయిస్ నిమిషాలనీ ఎస్సెమ్మెస్‌లనీ కాపాడుకోవాలి. చాలా కంపెనీలు తమ డేటా మీద ఇంటర్నెట్ కాల్స్ చేయకూడదని షరతులు పెట్టింది కూడా అందుకే. కాబట్టి బీటెక్ బాబు అడిగిన ప్రశ్నకి నా జవాబు: 4జీలో వాయిస్ ఆలస్యం కావడం సాంకేతిక ఇబ్బంది ఒక్కటే కాదు. వాయిస్‌ని డేటాలో కలిపేస్తే నిమిషాల లెక్కన బిల్లు వెయ్యడానికి ఆధారం పోతుంది. తొందరపడాల్సిన అవసరం వాళ్లకి కనిపించలేదు.

టవర్_బాబాయ్
శాస్త్రి గారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. ఆలస్యానికి అసలు కారణం కుదరని ఏకాభిప్రాయం. ఎల్‌టీఈలో వాయిస్ ఎలా అన్నదానికి అప్పట్లో దారులు చాలా ఉన్నాయి. పాత స్విచ్‌లనే ఇంటర్నెట్ మీదుగా అందుకునే వోల్గా అని ఒకటి, ఫాల్‌బ్యాక్ ఒకటి, ఐఎంఎస్ అనే కొత్త కోర్ (టవర్ల వెనక కాల్స్ నడిపే కేంద్ర వ్యవస్థ) ఒకటి. 2009 నవంబర్‌లో కొన్ని పెద్ద కంపెనీలు ఐఎంఎస్ వైపు చేయి కలిపాయి, 2010లో మొబైల్ కంపెనీల సంఘం జీఎస్‌ఎంఏ దాన్ని వోల్టీ పేరుతో తలకెత్తుకుంది. జనానికి అందింది 2012 ఆగస్టులో, కొరియాలో ఎస్‌కే టెలికాం, ఎల్‌జీ యూప్లస్, అమెరికాలో మెట్రోపీసీఎస్. ఐఎంఎస్ పెట్టడమంటే మొత్తం ఒక కొత్త ఎక్స్ఛేంజీ కట్టడం. అది పనిచేసినా, మాట్లాడుతూ మాట్లాడుతూ 4జీ సిగ్నల్ లేని చోటికి వెళ్తే కాల్ తెగకుండా 2జీకో 3జీకో అప్పగించాలి. ఆ అప్పగింత కుదిర్చేసరికి మా ప్రాణాలు పోయాయి.

స్పెక్ట్రమ్_శాస్త్రి
కష్టమని ఒప్పుకుంటాను. కానీ వెనకటి వాయిస్ వ్యాపారం లేనివాడికి అదే పని ఎలా సాధ్యమైంది? 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది 2జీ, 3జీ ఏవీ లేకుండా. ఫాల్‌బ్యాక్‌కి చోటే లేదు, కాల్ అంటే వోల్టీయే. వోల్టీ లేని 4జీ ఫోన్లకి యాప్ ఇచ్చి మరీ కాల్స్ నడిపారు. మరుసటి ఏడాది బటన్ ఫోన్‌లోనే వోల్టీ పెట్టారు. కాపాడుకోవాల్సిన పాత నిమిషాలు లేవు కాబట్టే ఆ తెగింపు.

టవర్_బాబాయ్
2009లో తేలని ప్రమాణాలు 2016కి తేలిపోయాయి, ఫోన్ చిప్‌లు దొరికాయి. ఆ ఏడేళ్ల తేడా మీరు లెక్కలోకి తీసుకోవట్లేదు.

కంచు_కంఠం
ఇంత చరిత్ర తర్వాత నాది చిన్న ఫిర్యాదు. పాత 2జీ కాల్ నిలకడగా ఉండేది. ఇప్పుడు సిగ్నల్ తక్కువైతే మాటలు ముక్కలు ముక్కలవుతాయి, ఒక్కోసారి నా గొంతు అవతలికి పోదు, వాళ్లది నాకు వినిపిస్తుంది. మా నాన్నగారికి వినికిడి తక్కువ. ఆయనతో మాట్లాడాలంటే నాకు వేగం అక్కర్లేదు, తెగని మాట కావాలి.

ప్యాకెట్_పిచ్చి
@కంచు_కంఠం మీ ఫిర్యాదు చిన్నదేం కాదు. అయితే వినికిడి తక్కువున్నవాళ్లకి వోల్టీ మేలు చేసే సంగతి ఒకటుంది. పాత కాల్‌లో గొంతులో 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే వెళ్లేది. వోల్టీలో మామూలుగా వాడే వైడ్‌బ్యాండ్ కోడెక్ (గొంతుని డేటాగా మార్చే పద్ధతి) 50 నుంచి 7,000 దాకా పంపుతుంది. స, శ, ఫ లాంటి శబ్దాల తేడా తెలిసేది ఆ పై భాగంలోనే. సిగ్నల్ బాగున్న చోట ఒకసారి ఇద్దరూ వోల్టీలో ఉండగా మాట్లాడి చూడండి.

కంచు_కంఠం
సిగ్నల్ బాగున్న చోట అన్నారు చూశారా, అక్కడే ఉంది నా బాధంతా.

రాత్రి_షిఫ్ట్
నెట్‌వర్క్ కంట్రోల్ రూమ్‌లో పని చేస్తాను. ఒకవైపే వినపడే కాల్స్ మాకు రోజూ తగిలేవే. ఎక్కువ భాగం ప్యాకెట్లు ఒక దిక్కులో దారి తప్పడం వల్ల, లేదా సెల్ మారినప్పుడు ఆ వాయిస్ దారిని కొత్త సెల్ సరిగ్గా అందుకోకపోవడం వల్ల. కాల్ కలిపే సిగ్నలింగ్ దృష్టిలో కాల్ బ్రహ్మాండంగా ఉన్నట్టే లెక్క, అందుకే మా స్క్రీన్ మీద ఎర్ర లైటు కూడా వెలగదు. మీరు సమయం, ప్రదేశం, అవతలి నంబర్ ఇచ్చి ఫిర్యాదు చేస్తేనే మేము ఆ కాల్‌ని విడిగా వెతికి పట్టుకోగలం. దయచేసి ‘కాల్స్ బాలేవు’ అని వదిలేయకండి.

అసలు వాయిస్‌ని ప్యాకెట్‌లో పెట్టడం ఎంత సున్నితమో చూడండి. మీ మాటని 20 మిల్లీసెకన్ల ముక్కలు చేస్తారు. వైడ్‌బ్యాండ్‌లో ఒక్కో ముక్క 32 బైట్ల చుట్టుపక్కల. దాన్ని పంపడానికి మీద అంటించే చిరునామా హెడర్లు పాత ఇంటర్నెట్ చిరునామా పద్ధతి ఐపీవీ4లో 40 బైట్లు, కొత్తది ఐపీవీ6లో 60! సరుకు కంటే మూటే బరువన్నమాట. గాలిలో అంత వృథా చేస్తే కాల్స్ పట్టవు. అందుకని టవర్‌కీ ఫోన్‌కీ మధ్య ఆ హెడర్లని కుదించి కొద్ది బైట్లకి తెస్తారు. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఒకే ముక్కని వెంటవెంటనే నాలుగుసార్లు పంపే ఏర్పాటూ ఉంది. ఇవన్నీ సరిగ్గా ఆన్ చేసి, ట్యూన్ చేసిన సెల్‌లో వోల్టీ 2జీకి ఏమాత్రం తీసిపోదు. చెయ్యని సెల్‌లో మాత్రం కంచు_కంఠం గారు చెప్పినట్టే ఉంటుంది.

బీటెక్_ఫైనలియర్
అయితే వాట్సాప్ కాల్ కూడా ప్యాకెట్లేగా? తేడా ఏముంది?

రాత్రి_షిఫ్ట్
గాలిలో మర్యాద తేడా. వోల్టీ కాల్ మొదలవగానే నెట్‌వర్క్ దానికి విడిగా ఒక బేరర్ (డేటా వెళ్లే దారి) ఇస్తుంది, ఇంత వేగం తప్పకుండా ఇస్తానని మాటిచ్చి మరీ. ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటకుండా చూడాలన్నది లక్ష్యం. వాట్సాప్ కాల్ మామూలు ఇంటర్నెట్ బేరర్‌లో వీడియోలతో, డౌన్‌లోడ్‌లతో కలిసి వెళ్తుంది, అక్కడ ఆ లక్ష్యం 300. సెల్ ఖాళీగా ఉంటే మీకు తేడా తెలియదు. వేలమంది గుమిగూడిన చోట రెండూ చేసి చూడండి, వెంటనే తెలిసిపోతుంది.

కంచు_కంఠం
కానీ చాలాసార్లు వాట్సాప్ గొంతే స్పష్టంగా ఉంటుందండీ. అది అబద్ధం కాదుగా.

రాత్రి_షిఫ్ట్
కాదు, నిజమే. మీరొక కంపెనీ, అవతలివారు ఇంకో కంపెనీ అనుకోండి. రెండు నెట్‌వర్కుల మధ్య లింకు పాత పద్ధతిదైతే గొంతుని మళ్లీ 3,400 హెర్ట్జ్‌లోకి కుదించి అప్పగిస్తారు. రెండు చివర్లా హెచ్‌డీ ఉన్నా మధ్యలో పోతుంది. వాట్సాప్‌కి ఆ మధ్యవర్తి లేడు. ఈ విషయంలో కంపెనీలని నేను సమర్థించను. గాలిలో ఇంత కష్టపడి తెచ్చిన నాణ్యతని తమ మధ్య లింకులో పారబోయడం అన్యాయం.

నింగి_నెట్
అప్‌డేట్ పడింది. సిమ్ తీసి పెట్టి రీస్టార్ట్ చేస్తే ఆప్షన్ వచ్చింది! ఇప్పుడు కాల్‌లో ఉండగా హాట్‌స్పాట్ నడుస్తోంది, పైన 4జీ అలాగే ఉంది. @ప్యాకెట్_పిచ్చి, @టవర్_బాబాయ్ ఇద్దరికీ చాలా థాంక్స్. కస్టమర్ కేర్‌లో ఎవరూ ఈ ముక్క చెప్పలేదు.

లక్ష్మీ_టీచర్
నాది పాత ఫోన్, వోల్టీ లేదు. 2జీ, 3జీ మూసేస్తారని వింటున్నాను. అప్పుడు నా ఫోన్ గతేమిటి?

ప్యాకెట్_పిచ్చి
మూసిన చోట వోల్టీ లేని ఫోన్‌కి కాల్ రాదు, డేటా మాత్రం రావచ్చు. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ మూసింది, వెరైజన్ ఆ ఏడాది చివర్లో. అన్నిటికంటే భయపెట్టింది ఆస్ట్రేలియా అనుభవం. అక్కడ 2024 అక్టోబర్‌లో 3జీ మూసేముందు బయటపడిందేమిటంటే, కొన్ని ఫోన్లు మామూలు కాల్ వోల్టీలో చేస్తాయి, అత్యవసర నంబర్‌కి మాత్రం 3జీకి దిగాలని వాటి సాఫ్ట్‌వేర్‌లో రాసి ఉంది. రోజూ బాగానే పనిచేసే ఫోన్ ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం పనిచేయదు. చివరికి అలాంటి ఫోన్లకి అసలు సర్వీసే ఇవ్వకూడదని నియమం పెట్టారు.

లక్ష్మీ_టీచర్
అమ్మో. ఇది ఫోన్ కొనేవాడికి ఎవరు చెబుతారు? డబ్బా మీద కెమెరా సంగతి ఇంత లావు అక్షరాల్లో రాస్తారు.

స్పెక్ట్రమ్_శాస్త్రి
అందుకే యూరప్‌లో చాలా కంపెనీలు 3జీని ముందు మూసి 2జీని ఉంచుతున్నాయి. 2018 నుంచి అక్కడ కొత్త మోడల్ కార్లలో తప్పనిసరి చేసిన ఈకాల్ ఉంది కదా, ప్రమాదం జరిగితే కారే అత్యవసర నంబర్‌కి కాల్ చేస్తుంది. మొదట్లో వచ్చిన ఆ కార్లు కారున్న చోటు, ఇతర వివరాలు పంపేది డేటాలో కాదు, వాయిస్ కాల్ లోపలే శబ్దాలుగా మార్చి! మొత్తం 140 బైట్లు. రోడ్ల మీద అలాంటి కార్లున్నంత కాలం పాత వాయిస్ నెట్‌వర్క్ తీసేయడం అంత తేలిక కాదు.

రాత్రి_షిఫ్ట్
పాతది తీసేస్తే ఏమవుతుందో జపాన్‌లో చూశాం. కేడీడీఐ కంపెనీ 2022 మార్చి చివర్లో 3జీ మూసింది. జులై 2న ఒక రూటర్ పనిలో దారి మళ్లింపు తప్పుగా జరిగి వోల్టీ తెగింది. ఫోన్లన్నీ తిరిగి నమోదు చేసుకోవడానికి ఒక్కసారిగా ఎగబడ్డాయి. ఆ ఒత్తిడికి వోల్టీ పరికరాలు, చందాదారుల డేటాబేస్ ఉక్కిరిబిక్కిరయ్యాయి. కోట్ల మందికి 60 గంటలకి పైగా ఇబ్బంది, అత్యవసర కాల్స్ కూడా కలవలేదు. మా గదిలో ఆ వార్త చదివిన రోజు ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. రేపు మా వంతు కావచ్చని అందరికీ తెలుసు. వాయిస్ డేటాలో కలిసిపోయాక కోర్‌లో చిన్న తప్పు జరిగినా రెండూ కలిసి పోతాయి. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: 2జీ మూసే కంపెనీ ముందు తన వోల్టీ కోర్ రెండు చోట్ల నిజంగా విడివిడిగా నిలబడగలదని నడిపి చూపించాలి, కాగితం మీద కాదు.

టవర్_బాబాయ్
నూటికి నూరుపాళ్లు.

బీటెక్_ఫైనలియర్
5జీలో అయినా వాయిస్‌ని ముందే పెట్టారా?

ప్యాకెట్_పిచ్చి
అదే వరస. 2019లో మొదలైన 5జీ చాలా చోట్ల 4జీ కోర్ మీద కట్టిందే, కాల్ వస్తే 4జీ వోల్టీలోనే. పూర్తి 5జీలోనూ వీఓఎన్ఆర్ (5జీ మీదే కాల్ నడిపే పద్ధతి) లేని చోట కాల్ కోసం ఫోన్ 4జీకి దిగుతుంది. తేడా ఏమిటంటే దిగిన చోట డేటా ఆగదు, కాబట్టి చాలామందికి తెలియను కూడా తెలియదు.

కంచు_కంఠం
ఎస్సెమ్మెస్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? వాయిస్ నెట్‌వర్క్‌లో మొదట్లోనే దూరిన డేటాలో అదీ ఒకటేగా.

టవర్_బాబాయ్
మంచి మాట. కాల్స్ కలపడానికి వాడే సిగ్నలింగ్ దారిలోనే దాన్ని పంపారు, అందుకే కాల్ మాట్లాడుతున్నా మెసేజ్ వచ్చేది. ఒక్కో దానికి 140 బైట్లు. ఇంగ్లిష్ అయితే 7 బిట్ల లెక్కన 160 అక్షరాలు, తెలుగు అయితే 16 బిట్ల లెక్కన 70. ఆ 70లో ఒత్తులు, గుణింతాలు కూడా విడివిడిగా లెక్క. ‘క్షేమం’ అని రాస్తే కంటికి కనిపించేవి రెండే, లెక్కలో ఆరు పోతాయి. తెలుగులో రాస్తే రెండు మెసేజీల డబ్బు పడేది ఇందుకే. మన జనం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయడానికి అలవాటుపడటంలో ఈ 70కి కూడా పాత్ర ఉందని గట్టిగా నమ్ముతాను.

లక్ష్మీ_టీచర్
పిల్లలకి ఇది చెప్పాలి. బాగుంది.

రెండు_సిమ్‌ల_రాజు
నా ప్రశ్న మిగిలిపోయింది. నా ఫోన్‌లో రెండు సిమ్‌లకీ వోల్టీ ఆన్‌లోనే ఉంది. అయినా మొదటి సిమ్‌లో మాట్లాడుతుంటే రెండో సిమ్ నెట్ ఆగుతుంది. మరి ఇదేం రోగం?

ప్యాకెట్_పిచ్చి
అది నెట్‌వర్క్ తప్పు కాదు రాజన్నా. మామూలు రెండు సిమ్‌ల ఫోన్లలో రెండు సిమ్‌లూ ఒకే రేడియోని పంచుకుంటాయి. ఊరికే ఉన్నప్పుడు రెండూ వింటుంటాయి, ఒకటి కాల్‌లోకి వెళ్తే రేడియో మొత్తం దానిదే. రెండూ ఒకేసారి నడపగల ఫోన్లు ఉన్నాయి, కానీ అన్నీ అలా ఉండవు. మీ సిమ్ సెట్టింగ్స్‌లో కాల్ సమయంలో డేటా మార్చుకునే ఆప్షన్ ఉందేమో చూడండి, ఆటోమేటిక్ డేటా స్విచింగ్ లాంటి పేరుతో ఉంటుంది. ఆన్ చేస్తే మీరు మాట్లాడుతున్న సిమ్ డేటానే అంతసేపూ వాడుకుంటుంది. ఆ సిమ్‌లో డేటా ప్యాక్ ఉండాలి.

రెండు_సిమ్‌ల_రాజు
ఆప్షన్ ఉంది. ఆ సిమ్‌లో ప్యాక్ లేదు. వేయించి మళ్లీ రాస్తాను.